అక్క జ్ఞాపకార్థం కొత్త థెరపిస్టులకు ఉపకార వేతనం: తరచుగా అడిగే ప్రశ్నలు

దరఖాస్తులు పిలిచిన ప్రతిసారీ ఫోనులో ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకుంది గాని, చెప్పిన ప్రతిసారీ మాట కొంచెం మారిపోతోంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాడికి అది నచ్చదు. అందుకని రాసి పెడుతున్నాను.

ఇది ఎవరి జ్ఞాపకార్థం?

మా అక్క జ్ఞాపకార్థం. రాజమహేంద్రవరంలో పాతికేళ్లకు పైగా కౌన్సెలింగ్ చేసింది. విశాఖపట్నంలో సైకాలజీ ఎమ్మే పూర్తి చేసి వచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు ఆమెకు మెట్ల కింద గది ఇచ్చారు. గది అంటే మూడు వైపులా గోడలు, నాలుగో వైపు తెర. తెరకు అవతల స్కానింగ్ కోసం వచ్చినవారు కూర్చునే బల్ల. లోపల ఎవరైనా ఏడిస్తే బల్ల మీద కూర్చున్నవారు మాటలాపి వినేవారు. అక్కడ ఏడాదిన్నర పనిచేసింది. ఇచ్చిన జీతం ఆటోలకూ మధ్యాహ్నం భోజనానికీ సరిపోయేది. ఇంటి అద్దె నాన్న పింఛనులోంచి వెళ్లేది. పెద్ద చదువు చదివిన కూతురికి ఇంకా తండ్రే అద్దె కట్టడం ఏమిటని బంధువులు అడిగితే, నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

డబ్బు కంటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఒక మనిషి చెప్పిన మాట విని రాత్రంతా నిద్రపట్టకపోతే, మర్నాడు ఆ సంగతి చర్చించడానికి తనకంటే అనుభవం ఉన్నవారు ఒక్కరూ ఆ ఊళ్లో ఆమెకు లేరు. "ఆ ఏడాదిన్నర నాకు ఒకరు తోడుండి ఉంటే తర్వాత పదేళ్లు చేసిన తప్పులు చేసేదాన్ని కాదు" అని చాలాసార్లు అంది. ఈ వేతనం 18 నెలలు ఉండటానికి కారణం అదే. వేరే శాస్త్రీయమైన లెక్క ఏదీ లేదు.

ఆమె పేరు ఎక్కడా కనిపించదేమి?

పెట్టవద్దని ఆమే చెప్పింది. ఆమె దగ్గరికి వచ్చినవారిలో చాలామంది ఇప్పటికీ అదే ఊళ్లో ఉన్నారు. వచ్చినట్టు ఇంట్లో కూడా చెప్పుకోనివారు వారిలో ఎందరో. ఆమె ఫొటోకు దండ వేసి ఫ్లెక్సీ కడితే, దాని ముందు ఒక్క నిమిషం ఆగి చేతులు జోడించిన మనిషిని పక్కవాడు "ఈవిడ మీకెలా తెలుసు?" అని అడగకమానడు. ఆ ప్రశ్న రాకూడదని ఆమె ఉద్దేశం. పేరు లేని స్మారకం ఏమి స్మారకమని మా తమ్ముడి వాదన. మా ఇంట్లో అది ఇంకా తెగలేదు.

చదువుకునే పిల్లలకు ఇవ్వకుండా చదువు అయిపోయినవారికి ఇవ్వడం ఎందుకు?

చదువుకునేవారికి ఎంతో కొంత దారి ఉంది. ప్రభుత్వ ఉపకార వేతనాలున్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది, బ్యాంకులో విద్యారుణం ఉంది. పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచి ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి, కొంత గడువు తర్వాత రుణం వాయిదా మాత్రం మొదలవుతుంది. కొత్త థెరపిస్టు దగ్గరికి మొదటి నెలలో వచ్చేది ముగ్గురో నలుగురో. వారిలో ఒకరు ఫీజు ఇచ్చుకోలేరు, ఒకరు రెండోసారి రారు. ఈ దశలోనే చాలామంది ఈ పని వదిలేసి కంపెనీల మానవ వనరుల విభాగాలలోకో, స్కూలు టీచరు ఉద్యోగాలలోకో వెళ్లిపోతారు. వెళ్లడం తప్పని నేననను. నేను విద్యారుణాలు మంజూరు చేసిన కుర్చీలోంచే ఈ దృశ్యం చూశాను కాబట్టి చెబుతున్నాను: వాయిదా ఆలస్యమైనప్పుడు ఫోను చేస్తే "వృత్తి మానేశానండీ" అనే సమాధానం నాకు కొత్త కాదు.

అవసరం మాత్రం తక్కువ లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. వయోజనులలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం వరకు చికిత్స అందనివారే. ఆ సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. మన లెక్క మనకు ఇంకా సరిగా తెలియదన్నమాట.

ఎంత ఇస్తారు? ఎలా ఇస్తారు?

నెలకు 12,000 రూపాయలు, 18 నెలలపాటు. అంటే మొత్తం 2,16,000. ప్రతి నెలా 5వ తేదీలోగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. దీనికి అదనంగా నెలకు రెండుసార్లు సూపర్‌విజన్‌కు, అంటే అనుభవం ఉన్న ఒక సీనియరు థెరపిస్టుతో కూర్చుని మీ పని గురించి చర్చించుకోవడానికి, అయ్యే ఫీజు మేమే నేరుగా ఆ సీనియరుకు చెల్లిస్తాం. ఏడాదికి ఇద్దరికి మాత్రమే ఇవ్వగలం. అక్క ఉన్న ఇల్లు అమ్మిన సొమ్ము మీద వచ్చే వడ్డీయే మా ఆదాయం, దానికి ఇద్దరే సరిపోతారు.

ఆ 12,000 దేనికి ఖర్చు పెట్టారో రసీదులు అడగం. అద్దె కట్టండి, విద్యారుణం కట్టండి, గదికి తలుపు పెట్టించుకోండి. తలుపు అన్నది హాస్యానికి అనడం లేదు.

మొత్తం ఒకేసారి ఇస్తారా?

ఇవ్వం. మొదటి ఏడాది అలాగే ఇచ్చాం. ఆ డబ్బు పాత అప్పులకూ ఇంట్లో పెళ్లికీ వెళ్లిపోయి, నాలుగో నెలకు ఆ అమ్మాయి మళ్లీ మొదటికొచ్చింది. తప్పు ఆమెది కాదు, ఇంట్లో డబ్బు ఉందని తెలిస్తే అడిగేవారు ఉంటారు. నెలనెలా వచ్చేదాన్ని జీతం అంటారు, జీతం జోలికి ఎవరూ అంతగా రారు.

థెరపిస్టు అంటే మీ లెక్కలో ఎవరు?

ఎక్కువ ఫోన్లు దీని గురించే వస్తాయి కాబట్టి వివరంగా చెబుతాను. మన దేశంలో థెరపిస్టు అని బోర్డు పెట్టుకోవడం చాలాకాలంగా సులభమైన పని. వైద్యుడు అన్న మాటకు ఉన్న కాపలా ఈ మాటకు లేదు. కాని దాని చుట్టూ ఉన్న కొన్ని పేర్లకు చట్టం ఉంది.

క్లినికల్ సైకాలజిస్టు అన్న పేరు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కిందికి వస్తుంది. గుర్తింపు ఉన్న చదువు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా ఆ పని చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలో ఉంది. వెయ్యి రూపాయలన్నది 1992 నాటి అంకె, దాన్ని చూసి నవ్వుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు ఎవరో విడిగా నిర్వచించింది.

మిగిలిన సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, కొన్ని రకాల కౌన్సెలర్లు 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చారు. ఈ చట్టం కింద రాష్ట్రాలు తమ కౌన్సిళ్లు ఏర్పాటు చేసి, వృత్తిలో ఉన్నవారిని నమోదు చేయాలి.

మాకు అర్హులు ఎవరంటే: సైకాలజీ, కౌన్సెలింగ్ లేదా సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో కనీసం పీజీ రెగ్యులర్‌గా చదివి ఉండాలి. చదువులో భాగంగా ఆసుపత్రిలోగాని క్లినిక్‌లోగాని మనుషులతో కూర్చుని పనిచేసి ఉండాలి. చివరి పట్టా అందుకుని మూడేళ్లు దాటకూడదు. మీరు క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకుంటే రిజిస్టరు నంబరు అడుగుతాం. ఆ నంబరు లేకుండా ఆ మాట రాసుకున్నవారి దరఖాస్తు అక్కడితో ఆగుతుంది. వయసు పరిమితి లేదు. నలభై దాటాక, పిల్లలు పెద్దవారయ్యాక ఎమ్మే చదివినవారు ఇప్పటికి ఇద్దరు ఈ వేతనం అందుకున్నారు. వయసులో నలభై అయినా వృత్తిలో వారు మొదటి ఏడాదివారే.

ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేశాను. సరిపోతుందా?

సరిపోదు.

ఫిజియోథెరపిస్టులకు, స్పీచ్ థెరపిస్టులకు ఇస్తారా?

ఇవ్వం. వారి పని తక్కువని కాదు, మా తమ్ముడికి పక్షవాతం వచ్చినప్పుడు మళ్లీ కలం పట్టించింది ఫిజియోథెరపిస్టే. ఉన్న డబ్బు తక్కువ, అక్క పని ఇది, అంతే. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేసే దారిలో ఉన్నవారు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ కోర్సుల వివరాలు చూడవచ్చు.

ఎంఫిల్ రద్దయింది కదా, ఇప్పుడు చదివినవారి సంగతేమిటి?

విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలతో, పీజీ తర్వాత చదివే ఈ ఎంఫిల్ ఆగిపోయింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చారు. ఆ గడువులోగా చేరినవారి పట్టా మాకు సమ్మతమే. ఆ తర్వాత చేరేవారు, కోర్సుకు పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి. కాలేజీవాళ్లు "ప్రాసెస్‌లో ఉంది" అంటే లేదనే అర్థం.

సూపర్‌విజన్ అంటే ఏమిటి? మా మీద నిఘానా?

ఈ మాట తెలుగులో చెడ్డగా వినిపిస్తుంది. సూపర్‌వైజరు అనగానే కూలీల వెనక గొడుగు పట్టుకుని నిలబడిన మనిషి గుర్తొస్తాడు. ఇది అది కాదు. అనుభవం ఉన్న ఒక థెరపిస్టుతో మీరు కూర్చుని, ఈ నెల మీకు కష్టమనిపించిన సందర్భాలు చెప్పుకుంటారు. ఎవరి పేరూ ఊరూ చెప్పరు. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ భయపడి మాట మార్చారో, ఎవరి కథ వింటుంటే మీ ఇంటి కథ గుర్తొచ్చి గొంతు పట్టేసిందో, అవి బయటికొస్తాయి. వంటలో ఉప్పు ఎక్కువైందని వండినవారికి తెలియకపోవడం మామూలే, పక్కనుండి ఒకరు రుచి చూడాలి.

బ్రిటన్‌లో కౌన్సెలర్ల ప్రధాన సంఘం తన సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలని నియమం పెట్టింది. కొత్తవారికే కాదు, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారికీ అదే నియమం. మన దగ్గర శిక్షణలో ఉన్నంతకాలం పైవారి పర్యవేక్షణ ఉంటుంది. సొంతంగా గది తెరిచిన రోజు నుంచి అడిగేవారుండరు. అక్క ఆఖరి సంవత్సరాలలో తనకంటే చిన్నవారికి ఈ పని చేసి పెట్టింది. నేను గది బయట కూర్చుని పేపరు చదువుకునేవాడిని. లోపలికి వెళ్లేటప్పుడు భుజాలు ఎక్కడున్నాయో, బయటికొచ్చేటప్పుడు ఎక్కడున్నాయో చూస్తే ఏమి జరిగిందో తెలిసిపోయేది.

సూపర్‌విజన్ చేసే సీనియర్లు మీ గురించి మాకు ఏమీ చెప్పరు. హాజరయ్యారా లేదా అన్న ఒక్క సంగతి తప్ప.

సూపర్‌వైజరును నేనే ఎంచుకోవచ్చా?

మీరు చెప్పిన పేరు మాకు తెలియనిదైతే ఒకసారి మాట్లాడి చూస్తాం. మీ పై అధికారినిగాని, మీ బంధువునుగాని ఒప్పుకోం.

దరఖాస్తులో ఏమి రాయాలి?

వివరాల పత్రం రెండు పేజీలు. దానితోపాటు ఒక వ్యాసం, మూడు పేజీలకు మించకుండా. వ్యాసానికి అంశం ప్రతి ఏడాదీ ఒకటే: బాధను చెప్పుకోవడానికి మనుషులు వాడే ఒక తెలుగు మాట గురించి రాయండి.

ఇదెందుకో చెప్పాలి. సైకాలజీ మనం ఇంగ్లీషులో చదువుతాం. వచ్చేవారు తెలుగులో ఏడుస్తారు. మధ్యలో ఉన్న కాలువను ఎలా దాటాలో ఏ సిలబస్‌లోనూ లేదు. అక్క కొత్తలో ఒక పెద్దావిడను, పుస్తకంలో నేర్చుకున్న మాటతో, "మీకు ఆందోళన ఎక్కువగా ఉంటుందా అమ్మా?" అని అడిగిందట. ఆవిడ కంగారుపడి "మేం ఏ ఆందోళనలకూ వెళ్లలేదమ్మా, మా వీధివాళ్లు వెళ్లారు" అందట. పేపర్లో ఆందోళన అంటే ధర్నాలూ రాస్తారోకోలే కదా! ఆ రోజు నుంచి అక్క ఒక నోటుపుస్తకం పెట్టింది. మనుషుల పేర్లు లేవు, రోగాల పేర్లు లేవు, వట్టి మాటలు. గుబులు, దిగులు, బెంగ, బెరుకు, కలత, గాబరా. "గుండె జారింది", "మనసు చివుక్కుమంది", "తల దిమ్ముగా ఉంది", "ఒంట్లో బాగానే ఉంది గాని ఏమిటో". ఆ చివరిదానికి ఆమె నాలుగు పేజీలు రాసుకుంది.

బెంగనే తీసుకోండి. దిగులుకు కారణం కనబడకపోవచ్చు. బెంగకు అవతల ఒక మనిషి ఉండాలి, లేదా ఒక ఇల్లు, ఒక ఊరు ఉండాలి. హాస్టల్లో వేసిన పిల్లవాడికి వచ్చేది బెంగ. కొడుకు అమెరికా వెళ్లాక తల్లి సరిగా తినకపోతే ఇరుగుపొరుగు "బెంగ పెట్టుకుంది" అంటారు, కుంగుబాటు అనరు. బెంగకు జ్వరం కూడా వస్తుందని మన పెద్దలకు తెలుసు. ఈ మాట అన్న మనిషిని "ఎన్ని వారాలుగా ఉంది?" అని అడిగేముందు "ఎవరి మీద?" అని అడగాలని అక్క రాసుకుంది. ఒక్క మాట పట్టుకుంటే చికిత్సలో అడిగే మొదటి ప్రశ్నే మారిపోయింది. ఇలాంటిది మీకు దొరికినదేదో రాయండి. శ్రీకాకుళంలో వాడేది, అనంతపురంలో వాడేది, ఆదిలాబాద్‌లో వాడేది, బళ్లారి తెలుగువారు వాడేది, ఏదైనా సరే. "గాలి సోకింది", "దిష్టి తగిలింది" లాంటివి మూఢనమ్మకమని తోసిపుచ్చుతూ రాసినవి చాలా వస్తున్నాయి. అవి చదివేటప్పుడు నాకు ఆవలింతలు వస్తాయి. ఆ మాట అన్న మనిషి ఏమి చెప్పదలచుకున్నాడో రాసినవి తక్కువ, ఎంపికయ్యేవి అవే.

తెలుగులోనే రాయాలా? నాకు తెలుగు రాయడం అంతగా రాదు.

తెలుగులోనే. అక్షర దోషాలకు మార్కులు తగ్గించం. చేత్తో రాసి ఫొటో తీసి పంపవచ్చు. రాయడం బొత్తిగా రానివారు పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి పంపవచ్చు. కాన్వెంటులో చదివిన అమ్మాయి ఒకామె అలా పంపింది. తమ నాయనమ్మ మాట్లాడే తెలుగు గురించి చెప్పింది, ఆమెకే ఇచ్చాం. ఉర్దూ, లంబాడీ, గోండీ, కోయ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవారు తమ ఇంటి భాషలోని మాట గురించి రాయవచ్చు, వివరణ తెలుగులో ఉంటే చాలు.

వ్యాసంలో మా దగ్గరికి వచ్చినవారి కథ రాయవచ్చా?

రాయకండి. పేరు మార్చినా సరే. చిన్న ఊళ్లో "ముగ్గురు ఆడపిల్లల తండ్రి, రైసుమిల్లు గుమాస్తా" అంటే పేరు చెప్పినట్టే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను మానసిక సమస్య ఉన్న మనిషికి గోప్యత హక్కు ఇచ్చింది. మీరు అది పాటిస్తారో లేదో మాకు తెలిసేది ఈ వ్యాసంలోనే. మాటను మీ ఇంట్లోంచో, బస్సులోంచో, సంతలోంచో తెచ్చుకోండి.

నేను కూడా ఒకప్పుడు మానసిక చికిత్స తీసుకున్నాను. దరఖాస్తులో చెప్పాలా?

చెప్పనక్కరలేదు. చెబితే అది మీకు మంచీ కాదు, చెడ్డా కాదు. ఇప్పుడు తీసుకుంటున్నా అంతే. మందులు వాడుతూ బ్యాంకులో క్యాషు లెక్కపెట్టినవారిని చూశాను, ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు.

మార్కులు, కులం, ఆదాయం చూస్తారా?

మార్కులు చూడం. పీజీ పాసైతే చాలు. ఆదాయ ధ్రువపత్రం అడగం, ఎందుకంటే అది ఎలా వస్తుందో నాకు తెలుసు. దాని బదులు ఇంట్లో సంపాదించేవారు ఎందరు, మీ మీద ఉన్న అప్పు ఎంత, మీ కుటుంబంలో డిగ్రీ దాటిన మొదటివారు మీరేనా అని అడుగుతాం. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు ఆ సమాధానాలు తూకం వేస్తాయి. కులం అడిగే గడి పత్రంలో లేదు. అది ఉండాలని, లేకపోతే ఎప్పటిలాగే కొందరికే అందుతుందని మా కమిటీలో ఒకరు గట్టిగా అంటున్నారు. ఆయన మాటలో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తోంది. వచ్చే ఏడాది పత్రం మారవచ్చు.

ఫలానా ఊళ్లోనే పనిచేయాలన్న షరతు, బాండు ఉంటాయా?

బాండు లేదు. 18 నెలలలో వారానికి కనీసం ఒక రోజు, ఫీజు ఇచ్చుకోలేనివారిని చూడాలి. అది ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా కావచ్చు, కాలేజీలోనైనా, మీ గదిలోనైనా సరే. హైదరాబాద్‌లో ఉండి చేసినా అభ్యంతరం లేదు. నిజానికి అక్కకు జిల్లా కేంద్రాలు దాటి పనిచేసేవారంటే ఎక్కువ ఇష్టం. కాని ఒంటరి ఊళ్లోకి బలవంతంగా పంపితే ఏమవుతుందో ఆమె బతుకులోనే చూశాం.

విదేశాలలో ఉన్న తెలుగువారు దరఖాస్తు చేయవచ్చా?

ఇక్కడ పనిచేసేవారికే ఇస్తున్నాం. ఆన్‌లైన్‌లో ఇక్కడివారిని చూస్తాం అంటే సరిపోదు.

మధ్యలో ఆపవలసి వస్తే?

ప్రసవం, అనారోగ్యం, ఇంట్లో పెద్దవారి బాధ్యత లాంటివి ఏవైనా ఏడాది వరకు ఆపి, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కారణం ఒక్క వాక్యంలో రాస్తే చాలు, ధ్రువపత్రాలు వద్దు. వృత్తే వదిలేయాలనుకుంటే చెప్పి వదిలేయండి, అప్పటివరకు తీసుకున్నది తిరిగి అడగం. ఒక అబ్బాయి అలా తొమ్మిదో నెలలో వెళ్లిపోయాడు. ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తాడు.

ఈ డబ్బు మీద పన్ను కట్టాలా?

పాత ఆదాయపు పన్ను చట్టంలో, అంటే 1961 నాటిదానిలో, 10(16) సెక్షను చదువు ఖర్చుల కోసం ఇచ్చే ఉపకార వేతనానికి మినహాయింపు ఇచ్చింది. మాది చదువు అయిపోయాక ఇచ్చేది కాబట్టి అది శిక్షణ ఖర్చా, జీవన భృతా అన్న వాదనకు చోటుంది. పైగా 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావలసినది, సెక్షన్ల అంకెలన్నీ మారిపోయాయి. మేము ఇచ్చే ఉత్తరంలో మొత్తం, ఉద్దేశం స్పష్టంగా ఉంటాయి. అది పట్టుకుని ఒక ఆడిటరును అడగండి. రిటర్ను మాత్రం తప్పకుండా దాఖలు చేయండి, రేపు రుణానికి వెళ్లినప్పుడు మీకే పనికొస్తుంది.

మా ఇంట్లో పోయినవారి పేరున మేమూ ఇలాంటిది పెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా దుఃఖంలో ఉంటారు. అందుకని మొదటి సలహా: సంవత్సరీకం అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పదకొండో రోజున బంధువుల ముందు ప్రకటించిన మొత్తాలు చాలావాటికి తర్వాత చిక్కులు వచ్చాయి.

దారులు మూడు. మొదటిది, ఒక విశ్వవిద్యాలయానికి కొంత మొత్తం మూలధనంగా ఇవ్వడం. వారు దాని వడ్డీతో ఏటా పతకమో బహుమతో ఇస్తారు. శ్రమ తక్కువ, కాని వడ్డీ నిలిచిపోయి ధరలు పెరుగుతుంటే, బంగారు పతకం అనుకున్నది కొన్నేళ్లకు పూత పతకం అవుతుంది. రెండోది, ఇప్పటికే పనిచేస్తున్న ధార్మిక సంస్థకు ఇచ్చి, మీవారి పేరున ఒక వేతనం నడపమనడం. కొద్ది మొత్తం ఉన్నవారికి ఇదే మేలు. మూడోది, మాలాగా సొంతంగా ట్రస్టు పెట్టడం. ట్రస్టు దస్తావేజు సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ట్రస్టు బదులు సొసైటీ కావాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. ఏడుగురు ఒక మాట మీద ఉండే కుటుంబం మీదైతే నిరభ్యంతరంగా వెళ్లండి.

ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు. దాతలకు పన్ను రాయితీ కావాలంటే పాత చట్టంలో 80జీ అనేవారు, ఆ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. రెండు వేలకు మించి నగదుగా తీసుకున్న విరాళానికి ఆ రాయితీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతలకు అసలు వర్తించదు, ఇది ముందే చెప్పకపోతే మార్చి నెలలో మాట పడాలి.

అమెరికాలో ఉన్న మేనల్లుడు డబ్బు పంపుతానంటాడు. ఇక్కడ ఆగండి. అతనిది ఇంకా భారతీయ పాస్‌పోర్టే అయితే, తన సొంత డబ్బు పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి కావాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. "మావాడే కదా, నా ఖాతాలోకి పంపించి నేను ట్రస్టుకు ఇస్తాను" అనే ఉపాయం చెప్పినవారిని నేను ఇంటికి రానివ్వలేదు.

లెక్క కూడా చూసుకోండి. వడ్డీ 7 శాతం అనుకుంటే 10 లక్షలకు ఏడాదికి 70,000 వస్తుంది. అంటే నెలకు 6,000 కూడా కాదు. అందులోంచి ఆడిటరు ఫీజు పోవాలి. ఒకరికి ఏడాదిపాటు నెలకు 5,000 ఇవ్వవచ్చు. అది చిన్న సాయమేమీ కాదు, కాని "ఏటా పదిమందికి" అని శిలాఫలకం మీద చెక్కించకండి.

ఎంపిక ఎవరు చేస్తారు?

ముగ్గురు థెరపిస్టులు. కుటుంబం నుంచి ఎవరూ లేరు. వ్యాసాలు నేనూ చదువుతాను గాని నాకు ఓటు లేదు. ఇంటర్వ్యూ ఫోనులోనే అరగంట ఉంటుంది. ఎంపిక కానివారికి ఎందుకు కాలేదో రెండు మూడు వాక్యాలలో రాసి పంపుతాం, మళ్లీ ఏడాది మళ్లీ రాయవచ్చు. సిఫారసు ఫోను వచ్చిన దరఖాస్తును పక్కన పెడతాం. మీకు తెలియకుండా మీ మామయ్య చేయించినా పక్కన పెడతాం, కాబట్టి మామయ్యకు ముందే చెప్పండి.

నేను థెరపిస్టును కాను. నాకే సాయం కావాలి.

14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. ఫోను చేయడానికి డబ్బు పడదు, ఏ వేళనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే "ఒంట్లో బాగానే ఉంది గాని ఏమిటో" అనండి. అవతలివారు అడుగుతారు. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరు వినగానే జంకేవారు ఇంకా ఉన్నారు. ఆ పేర్లతో వెక్కిరించుకుంటూ పెరిగిన తరం మాది, జంకు పోవడానికి టైము పడుతుంది. కాని అక్కడ ఓపీకి వెళ్లినవారిలో ఎక్కువమంది చూపించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు.

వర్ధంతి రోజున సభ ఉంటుందా? రావాలా?

సభ లేదు, శాలువాలు లేవు. ఆ ఏడాది వేతనం అందుకుంటున్నవారు, అంతకుముందు అందుకున్నవారు మా ఇంటి మేడ మీద కూర్చుంటారు. పెసరట్టు ఉప్మా ఉంటుంది. కాసేపయ్యాక వారు మాట్లాడుకునేవి నేను వినకూడనివి కాబట్టి కిందికి వచ్చేస్తాను. దారి ఖర్చు పెట్టుకోలేనివారికి అది కూడా పంపుతాం, ముందు రోజు చెబితే చాలు, పప్పు నానబోయాలి.